నీళ్ళల్లో నానమ్మ నవ్వు

"ముట్టుకోకు! ఇంకా ఆరలేదు," అన్నాడు హుమాయున్.

రిబ్కా చెయ్యి వెనక్కి తీసుకుంది. చూపు మాత్రం తీగకి క్లిప్పులతో వేలాడుతున్న ఫిలిం మీదే ఉంది.

మధ్యాహ్నం కావస్తోంది. తిరువూరు బస్టాండుకి ఎదురుగా ఉన్న ఆ చిన్న ఫొటో స్టూడియో హుమాయున్ వాళ్ళ నాన్న మొహిద్దీన్‌ది. వెనక గదుల్లో వాళ్ళ కాపురం. పక్క కొట్టు టైలర్ జోజప్పది. రిబ్కా జోజప్ప కూతురు. ఇద్దరు పిల్లలూ ఒకే తరగతి.

దసరా సెలవులివ్వగానే మొహిద్దీన్ వాళ్ళకి పాత డబ్బా కెమెరా, ఒక ఫిలిం రోలు ఇచ్చాడు. డేటు దాటబోతున్న రోలు అది.

"అమ్మితే ఎవరూ కొనరు. పారేస్తే నష్టం. మీరు వాడితే కనీసం పని నేర్చుకుంటారు," అన్నాడు. "వానలు పడి ఎక్కడ చూసినా నీళ్ళే. ఆ నీళ్ళల్లో కనపడే ప్రతిబింబాలు తీసుకురండి. అన్నిట్లోకీ మంచిదాన్ని పెద్దది చేసి షోకేసులో పెడతా."

షోకేసంటే స్టూడియో ముందున్న అద్దాల పెట్టె. బస్సు దిగిన ప్రతి మనిషీ దాని ముందునుంచే ఊళ్ళోకి నడవాలి. అందులో తను తీసిన ఫొటో ఉండాలని హుమాయున్‌కి ఎన్నాళ్ళనుంచో ఆశ.

అందుకే రోలు దాదాపు అంతా తనే వాడుకున్నాడు. ఆఖరి ఫొటో ఒక్కటి రిబ్కాకి వదిలాడు. మిగిలింది ఇచ్చేవాడికి ఎప్పుడూ పెద్ద దానం చేసినట్టే ఉంటుంది. హుమాయున్‌కీ అలాగే అనిపించింది.

ఫిలిం ఆరింది. మొహిద్దీన్ దాన్ని కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. నెగెటివులో వెలుగు నల్లగా, చీకటి తెల్లగా ఉంటుంది. మామూలు మనిషికి దయ్యాల బొమ్మల్లా కనపడతాయి. మొహిద్దీన్ మాత్రం పేపరు చదివినట్టు చదివేస్తాడు.

"ఊఁ... ఇవి గంపలగూడెం రోడ్డు తాడిచెట్లు గదూ? బాగా వచ్చినయ్. ఫోకస్ కరెక్టు. ఎక్కడా వంకర లేదు."

హుమాయున్ ఛాతీ పొంగింది. "పొద్దున్నే సైకిలేసుకుని పోయా నాన్నా. గాలి ఆగేదాకా కూర్చున్నా. కెమెరా కదలకుండా ఇటికెల మీద పెట్టా. పొలంలో నీళ్ళు అద్దంలా ఉన్నయ్. ఫొటో తిరగేసి చూడు, ఏది చెట్టో ఏది నీడో చెప్పలేవు!"

"అవునవును," అంటూ మొహిద్దీన్ ఒక్కొక్కటే జరుపుకుంటూ పోయాడు. ఆఖరి దాని దగ్గర ఆగాడు. భూతద్దం తీశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదెవరు తీశారు?"

"నేనే మావయ్యా," అంది రిబ్కా భయంగా. "పాడైపోయిందా?"

మొహిద్దీన్ లోపలికి తిరిగి, "అమ్మా! ఓసారి ఇట్టా రా," అని కేకేశాడు.

హుమాయున్ వాళ్ళ నానమ్మ పీర్‌బీ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నీ ఫొటో తీసిందమ్మా ఈ పిల్ల."

పీర్‌బీ గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో అయ్యో! ఎంత పని చేశావే! ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుద్దని ఇన్నేళ్ళూ కన్నకొడుక్కే ఇయ్యలేదు గదే నా ముఖం!"

నిజమే. ఊళ్ళో పెళ్ళికొడుకులూ, పసిపిల్లలూ, పరీక్షలకెళ్ళే వాళ్ళూ, అందరూ మొహిద్దీన్ కెమెరా ముందు కూర్చున్నవాళ్ళే. సొంత తల్లి మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు.

"నిన్ను తియ్యలేదు మామ్మా," అంది రిబ్కా గబగబా. "నీళ్ళని తీశా. మొన్న దొడ్లో గంగాళంలో కోడిపిల్ల పడిందే, నువ్వు దాన్ని పైకి తీసి నవ్వావే, అప్పుడు! నేను చాకిరేవు బండెక్కి నీ వెనకాల నుంచున్నా. కెమెరాలో నువ్వు లేవు. గంగాళంలో నీళ్ళే ఉన్నయ్."

పీర్‌బీ ఆలోచించింది. "నీళ్ళనా?"

"నీళ్ళనే."

"అయితే తగ్గితే ఆ నీళ్ళ ఆయుష్షే తగ్గుద్దిలే," అని ఆమె ఊపిరి పీల్చుకుంది. అందరూ నవ్వారు. హుమాయున్ తప్ప.

"ఇదే పెద్దది చేద్దాం. షోకేసులో ఇదే పెడతా," అన్నాడు మొహిద్దీన్.

హుమాయున్ భూతద్దం లాక్కుని చూశాడు.

"నాన్నా, ఇది పక్కకి వాలిపోయింది. గంగాళం అంచు సగం తెగిపోయింది. కాస్త మసగ్గా కూడా ఉంది. నీళ్ళు కదిలి నానమ్మ ముఖం ముక్కలు ముక్కలుగా వచ్చింది!"

"అన్నీ తప్పులేరా. నేనూ చూశా."

"మరి?"

"ఆ ఒక్కదాని దగ్గరే నా కన్ను ఆగిపోయింది. నేనేం చెయ్యను?" అన్నాడు మొహిద్దీన్. రిబ్కా చేతికి ఫిలిం ఇచ్చి, "అంచులు పట్టుకుని చూడమ్మా," అన్నాడు.

రిబ్కా చూసుకుంటుంటే హుమాయున్ గుమ్మం బయటికి చూశాడు.

ఆ మధ్యాహ్నం అన్నీ అతనికి ఎదురుగానే జరిగాయి. నానమ్మ రిబ్కాని కూర్చోబెట్టి సేమియా పాయసం పెట్టింది. జోజప్ప గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏం మొహిద్దీన్, మా అమ్మాయి నీ పోటీకొచ్చిందంట గదా!" అని పరాచికమాడాడు. "పోటీయా? నేనెప్పుడో ఓడిపోయా," అన్నాడు మొహిద్దీన్. హుమాయున్‌కి ఆ నవ్వులన్నీ తన మీదే అనిపించాయి. రిబ్కా పాయసం తినే చప్పుడు కూడా నచ్చలేదు.

అసూయ ఉన్నవాడికి ఎదుటి బస్తాలో రాళ్ళే కనపడతాయి. తన బస్తాలో ఏముందో విప్పి చూసుకోడు.

మూడింటి బస్సుకి మొహిద్దీన్ పెనుగొలనులో పెళ్ళి ఫొటోలకి బయల్దేరాడు. "రేపు పొద్దున్నే వచ్చి పెద్ద ప్రింటు వేస్తా. కొట్టు చూసుకో," అని చెప్పి వెళ్ళాడు.

కొట్లో హుమాయున్ ఒక్కడే మిగిలాడు.

కిటికీ పక్కన రీటచింగ్ బల్ల ఉంది. ఏటవాలు చెక్క, మధ్యలో పాలలాంటి అద్దం, కింద ఇంకో అద్దం. కింది అద్దం కిటికీ వెలుగుని పైకి కొడుతుంది. దాని మీద నెగెటివు పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొహిద్దీన్ ముఖాలు దిద్దుతాడు. స్ఫోటకం మచ్చలు, మొటిమలు, కళ్ళకింద గుంటలు పెన్సిలుతో పూడ్చేస్తాడు. నల్లగా రావలసినవి తెల్లగా వస్తే బ్లేడు మొనతో సుతారంగా గీకుతాడు. ముడతలతో వచ్చినవాళ్ళు ముడతల్లేని ఫొటోతో సంతోషంగా వెళ్తారు. హుమాయున్ కూడా పనికిరాని నెగెటివుల మీద ఆ పని నేర్చుకుంటున్నాడు.

అతను రిబ్కా తీసిన నెగెటివు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

'తప్పులు దిద్దుతున్నా. అంతేగా,' అనుకున్నాడు. 'నాన్న అందరివీ దిద్దుతాడు. ఇదీ అంతే.'

అది అతను పైకి చెప్పుకున్న మాట. లోపల ఇంకో మాట ఉంది. ఈ అలలు పోతే ఇది ఒట్టి ముసలమ్మ ఫొటో అవుతుంది. అప్పుడు తాడిచెట్లే బాగుంటాయి.

ముందు నానమ్మ ముడతలు పెన్సిలుతో పూడ్చాడు. తర్వాత ప్రింటులో నల్లగా వచ్చే అలల గీతలు పూడ్చాడు. పని బాగానే సాగింది. ఇక తెల్లగా వచ్చే అల ఒకటి మిగిలింది. అది సరిగ్గా నానమ్మ నోటిమీదుగా పోతోంది. బ్లేడు తీశాడు. ఊపిరి బిగబట్టి గీకాడు.

బయట బస్సు హారన్ గట్టిగా మోగింది. చెయ్యి అదిరింది.

బ్లేడు పెదవి చివరినుంచి బుగ్గదాకా పోయింది.

హుమాయున్ బ్లేడు పక్కన పడేశాడు. తర్వాత స్పిరిట్‌లో దూది ముంచి తుడిచాడు. పెన్సిలు గీతలన్నీ పోయాయి. బ్లేడు గీత పోలేదు. ఫిలిం మీద ఉన్న పూతే లేచిపోయింది. అక్కడ ఇక బొమ్మ లేదు.

నెగెటివుని దాని కవరులో పెట్టి, ఎక్కడిది అక్కడ సర్దేశాడు.

మర్నాడు పొద్దున్నే మొహిద్దీన్ నిద్రలేని కళ్ళతో వచ్చాడు. వచ్చీ రాగానే కవరు తీశాడు. వెలుగుకి పెట్టి చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇదేంట్రా! గీత పడిందే! నిన్న లేదు గదా!"

హుమాయున్ నేల చూపులు చూస్తున్నాడు.

అప్పుడే రిబ్కా పరుగెత్తుకుంటూ వచ్చింది. "మావయ్యా, పెద్దది వేశావా?"

మొహిద్దీన్ నెగెటివు చూపించాడు. "నిన్న నువ్వు పట్టుకున్నప్పుడు గోరేమన్నా తగిలిందేమోనమ్మా. పోనీలే. తెలీక జరిగింది."

"నేను అంచులే పట్టుకున్నా మావయ్యా!" రిబ్కా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన గోళ్ళు తనే చూసుకుంది. "నేను... అంచులే..."

ఇప్పుడు ఒక్కమాట చెబితే చాలు. హుమాయున్ నోరు తెరవలేదు. తెరవకపోవడం కూడా అబద్ధమేనని అతనికి తెలుసు.

రిబ్కా వెళ్ళిపోయింది.

షోకేసు ఖాళీగా పెట్టుకుంటే వ్యాపారం నడవదు. మొహిద్దీన్ ఆ సాయంత్రమే తాడిచెట్ల ఫొటో పెద్దది చేశాడు. "నువ్వే ఫ్రేములో పెట్టుకో," అని హుమాయున్‌కి ఇచ్చాడు. హుమాయున్ గబగబా ఫ్రేము కట్టి, అద్దాల పెట్టెలో నడుమ వేలాడదీశాడు.

ఇన్నాళ్ళ ఆశ తీరింది. అతను బయట నుంచుని, చూసేవాళ్ళని చూడసాగాడు.

విజయవాడ బస్సొచ్చింది. జనం దిగారు. ఇద్దరు ముగ్గురు షోకేసు వైపు తల తిప్పి, తిప్పినంత వేగంగా మళ్ళించుకుని వెళ్ళిపోయారు. ఒకాయన ఆగాడు. హుమాయున్ ఒక అడుగు దగ్గరికి జరిగాడు. ఆయన అద్దంలో తన క్రాఫు సరిచేసుకుని కదిలాడు.

మర్నాడూ అంతే. ఫొటో బాగాలేదని ఎవరూ అనలేదు. బాగుందనీ అనలేదు.

రిబ్కా కొట్టు గుమ్మంలోనే కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది. స్టూడియోలోకి రావడం మానేసింది. నానమ్మ పిలిచినా రాలేదు. "ముట్టుకుంటే పాడైపోతయ్ మామ్మా," అందట.

ఆ సాయంత్రం హుమాయున్ షోకేసు అద్దం తుడుస్తున్నాడు. ఫొటోలో పైన, ఆకాశంలో, ఏదో చుక్కలా కనపడింది. దుమ్మనుకుని తుడిచాడు. పోలేదు. ముఖం దగ్గరగా పెట్టి చూశాడు.

ఆకు. చిన్న చింతాకు.

ఆకాశంలో ఆకు ఎలా తేలుతుంది?

ఒక్క క్షణం పట్టింది. తర్వాత అర్థమైంది. ఫ్రేము కట్టినప్పుడే ఫొటోని తలకిందులుగా పెట్టేశాడు. నీళ్ళు పైన, ఆకాశం కింద. నిన్న సాయంత్రం నుంచీ అది అలాగే ఉంది. బస్సులెన్నో వచ్చాయి, పోయాయి. ఎవ్వరూ గమనించలేదు. నాన్న కూడా గమనించలేదు. అంతదాకా ఎందుకు, తీసిన తను కూడా గమనించలేదు.

తన ఫొటోని తనే సరిగ్గా చూడలేదు. కానీ నానమ్మ నవ్వు మాత్రం కళ్ళు మూసుకున్నా కనపడుతోంది. పక్కకి వాలి, ముక్కలు ముక్కలై, కదులుతున్న నవ్వు. దాన్ని అంత దగ్గరగా చూసింది పాడుచెయ్యడానికే.

గుడ్డ అక్కడే వదిలేసి పక్క కొట్టుకి వెళ్ళాడు.

"రిబ్కా."

ఆమె తలెత్తలేదు.

"గీత నీ గోరుది కాదు. నేను బ్లేడుతో గీకా."

సూది ఆగింది. "ఏంటి?"

"నీ ఫొటో దిద్దుదామని కూర్చున్నా. దిద్దుదామని కూడా కాదు..." షోకేసు వైపు చెయ్యి చూపించాడు. "నాది పెట్టాలని."

రిబ్కా లేచి నుంచుంది. ఒళ్ళో చొక్కా కిందపడింది.

"మరి మావయ్య నన్నన్నప్పుడు పక్కనే ఉన్నావు గదా! నోట్లో ఏం పెట్టుకున్నావు? రెండురోజుల్నించీ గోళ్ళు చూసుకుని ఏడుస్తున్నా నేను! కొరికి కొరికి పారేశా, చూడు!" చేతులు అతని ముఖం ముందు పెట్టింది. "పో ఇక్కణ్ణించి!"

మిషను ఆపి చూస్తున్న జోజప్ప ఒక్కమాటే అన్నాడు. "మీ నాన్నకి చెప్పావా?"

"ఇప్పుడు చెప్తా బాబాయ్."

చెప్పాడు. మొహిద్దీన్ చెయ్యెత్తాడు గానీ కొట్టలేదు. ఎత్తిన చేత్తోనే నుదురు రుద్దుకున్నాడు.

"దిద్దమని అడిగినవాళ్ళకే నేను దిద్దుతానురా. మా అమ్మ నవ్వు నిన్ను దిద్దమని అడిగిందా?"

హుమాయున్ బ్లేడు తెచ్చి నాన్న ముందు పెట్టాడు.

"ఏ తప్పూ చెయ్యని పిల్లని అన్నా నేను," అని మొహిద్దీన్ చెప్పులేసుకుని పక్క కొట్టుకి వెళ్ళాడు. వచ్చేటప్పుడు రిబ్కాని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె హుమాయున్ వైపు చూడలేదు. డార్క్‌రూం తలుపు వైపే చూసింది.

"గీత ఉన్నా సరే, వేద్దాం," అన్నాడు మొహిద్దీన్. "నీ ఫొటో ఎట్టా ఉంటదో నువ్వు చూడాలి గదమ్మా."

ఎర్రలైటు వెలుగులో ముగ్గురూ ట్రే మీదికి వంగారు. మందునీళ్ళల్లో తెల్ల కాగితం ఊగుతోంది. ముందు గంగాళం అంచు వచ్చింది. తర్వాత కొంగు. తర్వాత అలలు, అలల మధ్య ఒక కన్ను, పళ్ళులేని నోరు, ఆ నోటినిండా నవ్వు. పెదవి చివరనుంచి బుగ్గదాకా సన్నటి నల్లగీత.

"వచ్చింది!" అని అరిచింది రిబ్కా. కోపం మర్చిపోయి హుమాయున్ మోచెయ్యి పట్టుకుంది. మరుక్షణం గుర్తొచ్చి వదిలేసింది.

కాగితం ఆరాక పీర్‌బీకి చూపించారు. ఆమె దాన్ని దూరంగా పట్టుకుంది. దగ్గరగా పట్టుకుంది. తన ముఖాన్ని ఆమె ఫొటోలో చూడడం ఇదే మొదలు.

"మా అమ్మ ఇట్టానే నవ్వేది," అంది.

ఆమె వేలు ఫొటోలోని బుగ్గ మీదికి జరిగింది.

"ఈ నల్లగీతేంటి?"

"నేను గీకా నానమ్మా."

"ఎందుకురా?"

"రిబ్కా ఫొటో బాగుందని."

పీర్‌బీ అతని నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. "బాగుంటే చూడాలి గానీ గీకుతారా ఎవరైనా?" మళ్ళీ ఫొటో చూసుకుంది. "పెట్టుకోండి మీ షోకేసులో. నీళ్ళల్లో ముక్కలు ముక్కలుగా ఉన్నా, నన్నెవరు గుర్తుపడతార్లే."

తాడిచెట్ల ఫొటో హుమాయునే బయటికి తీశాడు. నాన్న తియ్యమనలేదు. అదే ఫ్రేములో నానమ్మ నవ్వు పెట్టాడు. ఏది పైనో, ఏది కిందో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. సర్దుతుంటే వంకరగా ఉన్నట్టు అనిపించింది. ఫ్రేము వంకర కాదు, ఫొటోనే వంకర. అలాగే వదిలేశాడు.

మర్నాడు పొద్దున్నే రెడ్డిగూడెం బస్సు వచ్చింది. బుట్ట నెత్తిన పెట్టుకున్న ఒకావిడ షోకేసు దాటిపోయి, వెనక్కి వచ్చింది. బుట్ట దించింది.

"ఓ పిల్లాడా! ఎవరీ ముసలమ్మ? నీళ్ళల్లోంచి నన్నే చూసి నవ్వుతున్నట్టుందే!"

ఆవిడని చూసి ఇంకో ఇద్దరు ఆగారు. కండక్టరు టిక్కెట్ల సంచీతో సహా వచ్చి నుంచున్నాడు.

"మీ నాన్న తీశాడా?" అడిగిందావిడ.

"కాదండి. రిబ్కా తీసింది. పక్క టైలర్ గారి అమ్మాయి."

"ఆడపిల్లా! మరి చెంప మీద ఆ గీతేంటి బాబూ? దెబ్బా?"

"అది మాత్రం నేను చేసిందండి," అన్నాడు హుమాయున్. "ఉండండి, తనని పిలుస్తా."

రిబ్కా ఒళ్ళో చొక్కా పెట్టుకుని కూర్చుని ఉంది.

"బయట నిన్నడుగుతున్నారు. రా."

"పనుంది. నువ్వే చెప్పు."

"నేనేం చెప్తా? తీసింది నువ్వు గదా."

"ఈ గుండీలు పదింటికల్లా అయిపోవాలి," అంది రిబ్కా. కానీ మెడ అప్పటికే బయటికి సాగింది.

హుమాయున్ ఆమె ఒళ్ళో చొక్కా తీసుకున్నాడు. సూది కూడా తీసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. "పో. ఇవి నేను చూస్తా."

రిబ్కా ఒక్క గంతులో రోడ్డు మీద ఉంది.

జోజప్ప కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. "నీకు గుండీలు కుట్టడం వచ్చట్రా?"

"రాదు బాబాయ్. చూపించు."